శిల్పి వంశమువారి యిల్లు



మా నిడదవోలునకు ప్రాచీన నామము నిరవద్యపురము. కాకతి రుద్రమదేవిని పరిణయమాడిన వీరభద్రుడు ఈ నిడదవోటి చాళుక్యులలోని వాడు. ఇచ్చటినుండి గోదావరి దాటి తూర్పుగా పోయినచో బిక్కవోలు వచ్చును. అచ్చట తూర్పు చాళుక్యుల కాలమునాటి గుళ్లు, ఊరిలో కొన్ని, పొలములలో కొన్ని, వేయి యేండ్లకు పైబడి నిలిచియున్నవి. వానిని కట్టించిన రాజవంశము పేరు మనకు తెలియును. వాని గోడల గూళ్లలోని మూర్తులను చెక్కిన వాడెవ్వడు, ఏ వీధిని కాపురముండెను, వాని బిడ్డ లేమైరి అని అడిగినచో బదులు చెప్పగలవారు లేరు.

ఇది చిత్రము కాదు. మన దేశమున శిల్పికి ఇల్లే పాఠశాల. తండ్రి అరుగుమీద కూర్చుండి రాయి చెక్కుచుండగా కొడుకు ఉలికి పదును పెట్టుచు విద్య నేర్చెడివాడు. తాళమానములు నోటికి వచ్చియుండెడివి. ఏ బొమ్మకు ముఖమెంత, మొండెమెంత, మోకాలెంత అను లెక్కకు కాగితముతో పని లేకుండెను. విద్య చేతినుండి చేతికి పోయినది గాని పెట్టెలోనికి పోలేదు. మట్టిగోడలు వానలకు కరగినవి, తాటాకు కప్పులు మారినవి. గుడి మిగిలినది, చెక్కినవాని యిల్లు మిగులలేదు.

ఇందులకు వేరైన కథ గల యిల్లొకటి ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరములో నున్నది. 1508 మొదలు 1858 వఱకు, సరిగా మున్నూటయేబది సంవత్సరములు, అది యొక శిల్పి వంశమువారి యధీనమున నుండెను. ఆ శిల్పి మైకెలాంజిలో. వారి యింటిపేరు బువొనరోటి. నేడును ఆ భవనమును కాసా బువొనరోటి అనియే పిలుచుచున్నారు. కాసా యనగా ఇల్లు. ఆ యింటివారు తమ పెద్దవాని సొత్తును ఎట్లు కాపాడిరో, ఎట్లు దిద్దిరో, ఈ రెండు పనులును అవే గోడలనడుమ ఎట్లు జరిగెనో చెప్పుట నా యుద్దేశము.

మైకెలాంజిలో 1475 మార్చి 6వ తేదీన కప్రేజె అను చిన్న యూర జన్మించెను. తండ్రి లొడొవీకో అప్పుడక్కడ కొలదికాలపు టధికారిగ నుండెను. వారు కలవారు కారు గాని కలిమి వెళ్లిన పెద్దింటివారు. కనోస్సా ప్రభువుల సంతతివారమని చెప్పుకొనెడివారు. చరిత్రకారులు దానిని అంగీకరింపలేదు, ఆ యింటివారు మాత్రము గట్టిగా నమ్మిరి. ఇట్టి వంశమున బుట్టిన పిల్లవాడు సుద్దముక్కలతో బొమ్మలు గీయుచు, రాయి చెక్కుదు ననగా, తండ్రియు పినతండ్రులును వానిని కొట్టిరని శిష్యుడు కొండీవి వ్రాసియున్నాడు. మనలో శిల్పి కొడుకు శిల్పి కాకున్న వింత. అచ్చట పెద్దింటి బిడ్డ శిల్పి యగుట వింత. ఆయనను పసితనమున సెత్తిన్యానో అను రాతిగనుల గ్రామములో నొక రాతిపనివాని భార్యకు పెంపున కిచ్చిరి. ఆ దాది పాలతోనే ఉలియు సుత్తియు నాకు వచ్చినవని ఆయన పెద్దతనమున పరిహాసముగ ననెడివాడట.

తండ్రికి తలవంపుగ దోచిన ఆ వృత్తియే తుదకు ఇంటిల్లిపాదికిని అన్నము పెట్టినది. అన్నదమ్ము లైదుగురిలో ఆయన రెండవవాడు. పెద్దవాడు సన్యాసులలో గలిసెను. తక్కిన వారి వ్యాపారములకు, తండ్రి ఖర్చులకు, పొలముల కొనుగోలునకు మైకెలాంజిలో సొమ్మే ఆధారము. 1508లో గిబెల్లీనా వీధి మూలను మూడు చిన్న యిండ్లను కొనెను. రోము నగరమున సిస్తీను ప్రార్థనాలయపు పైకప్పు చిత్రించుటకు ఒప్పుకొనినదియు ఆ సంవత్సరమే. 1514లో ప్రక్కనున్న మరియొక యింటిని చేర్చెను. 1516 మొదలు 1525 వఱకు తాను స్వయముగ అచ్చట నివసించెను. శాన్ లొరెంజో ఆలయమునకు ముఖభాగము గట్టవలెనని నమూనాలు చేయించినదియు, మెడిచీ ప్రభువుల సమాధులకు పని ప్రారంభించినదియు ఆ కాలముననే. 1534లో రోమునకు పోయి మరల ఫ్లారెన్సు మొగము చూడలేదు. అనగా లోకము ఆయన యిల్లని చూచుచున్న ఆ యింటిలో ఆయన గడపినది తొమ్మిది సంవత్సరములే.

ఉండని యింటిమీద ఆయనకు గల మమకారము ఇంతింత గాదు. తమ్ముడు బువొనరోతో 1528లో తెగులువాత బడి చనిపోయెను. వాని కుమారుడు లియొనార్డో. చిత్రకారుడైన లియొనార్డో దా వించీతో ఈ పిల్లవానికి సంబంధము లేదు. రోమునుండి పెదతండ్రి ఆ పిల్లవానికి వ్రాసిన జాబులు చాలవఱకు మిగిలియున్నవి. వానిలో కళను గూర్చిన మాటలు బహు స్వల్పము. నీవు పంపిన చొక్కాలు మోటుగా నున్నవి, ఇచ్చటి పల్లెటూరివాడైనను తొడుగడు, అని యొకచోట. నీ దస్తూరి చదువబోయి జ్వరము తగిలినది, జాబు నిప్పులో వైచితిని, అని మరియొకచోట. ఇవి చదువునప్పుడు మన యిండ్లలోని పెదనాన్నలే జ్ఞప్తికి వత్తురు. కోపము వెనుక ఆదుర్దా యొక్కటే: వంశము నిలువవలెను, నగరమున గౌరవమైన యిల్లుండవలెను. పెండ్లి మాట ఏండ్ల తరబడి సాగినది. కట్నము చూడకుము, మంచి కుటుంబము, ఆరోగ్యము, గుణము చూడుమని పలుమార్లు హెచ్చరించెను. 1553లో లియొనార్డో కసాండ్రా రిదోల్ఫీ యను కన్యను వివాహమాడెను. పెండ్లి చేసికొనని శిల్పికి వంశము ఈ విధముగ నిలిచినది.

1564 ఫిబ్రవరి 18వ తేదీన, ఎనుబదితొమ్మిదవ యేట, మైకెలాంజిలో రోములో మరణించెను. అంతకుముందే తన చిత్తు చిత్రములను చాలవఱకు తగులబెట్టించెను. తాను పడిన శ్రమ, వెదకిన త్రోవలు లోకమునకు తెలియరాదని, తన పని పరిపూర్ణముగ మాత్రమే కనబడవలెనని ఆయన కోరెనని వసారి వ్రాసినాడు. అన్నగారి బిడ్డలు తగులబెట్టుదురని భయపడుట లోకమున గలదు గాని యిచ్చట పెద్దవాడే నిప్పు పెట్టెను. లియొనార్డో పెదతండ్రి దేహమును సరకుల మూటవలె గట్టించి రహస్యముగ ఫ్లారెన్సునకు చేర్పించెను. శాంతాక్రోచె ఆలయమున సమాధి చేసిరి. గిబెల్లీనా వీధినుండి ఆ ఆలయమునకు నడచి పోవుట కొన్ని నిమిషముల పని.

నిప్పునకు దక్కనివి ఆ యింటికి జేరినవి. మొదట చెప్పవలసినవి రెండు పాలరాతి పలకలు, ఆయన పదునైదు పదునాఱేండ్ల ప్రాయమున చెక్కినవి. ఒకటి మెట్లకడ గూర్చున్న మేరీమాత. ఎత్తు రెండడుగులకు లోపు. రాతినుండి బొమ్మ ఎంత తక్కువగా పైకి లేచియున్నదనగా, గోరుతో గీచినట్లు తోచును. ఒడిలోని శిశువు మనవైపు వీపు త్రిప్పి యున్నాడు, కాని ఆ పసిబిడ్డ భుజము మల్లయోధుని భుజము. రెండవది సెంతార్లతో పోరాటము. సెంతార్లనగా గ్రీకు పురాణములలోని సగము మనిషి, సగము గుఱ్ఱము. ఇందు బొమ్మలు రాతిని చీల్చుకొని వచ్చుచున్నట్లుండును. పైభాగమున ఉలిగాట్లు అట్లే మిగిలియున్నవి. దీనిని ఆయన ఎవ్వరికిని అమ్మలేదు. మొదటి పలకను లియొనార్డో దొరగారైన కొసీమోకు సమర్పించుకొనెను. ఏబది యేండ్ల మీదట ఆ దొరల వంశమువారే దానిని మరల ఆ యింటికి ఇచ్చివైచిరి.

ఈ పలకలకంటె నాకు ముచ్చటగ దోచునది 1518నాటి యొక చీటి. వచ్చిన జాబు వెనుకవైపున మైకెలాంజిలో భోజనపు పట్టీ వ్రాసినాడు. రొట్టెలు, చేపలు, ఆకుకూర, ద్రాక్షసారాయము. ప్రతిమాట ప్రక్కను చిన్న బొమ్మ గలదు. రొట్టెకు రొట్టె బొమ్మ, చేపకు చేప బొమ్మ, కుండకు కుండ బొమ్మ. బజారునకు పోవు సేవకునకు చదువు రాదు గనుక బొమ్మలు వేసెనని పెద్దలు ఊహింతురు. పచారీ చీటి నెవ్వరైన దాచుదురా? మన యిండ్లలో పెద్దవారు పోయిన పిదప కాగితముల గతి మన మెఱుగనిది గాదు. కొన్ని చెదలకు, కొన్ని భోగిమంటకు, మిగిలినవి తూకమునకు. పంపకము జరిగినచో బీరువా ఒకరికి, బిందెలు ఒకరికి, కాగితములు ఎవరికిని గాదు. ఆ చీటి అయిదు వందల సంవత్సరములకు మించి బ్రతికి యుండుట ఆ యింటివారి గొప్ప.

ఇక దిద్దిన కథ. లియొనార్డో కుమారునికి తాతగారి పేరే పెట్టిరి. వానిని చిన్న మైకెలాంజిలో అందురు. 1568లో పుట్టి 1647 వఱకు జీవించెను. కవి, నాటకకర్త, గెలీలియో మిత్రుడు. 1612 నుండి రమారమి పాతిక సంవత్సరములు తన సొమ్ము వెచ్చించి ఆ యింటిలో గదులను అలంకరింపించెను. ఒక పెద్ద చావడిలో తాతగారి జీవితఘట్టములను చిత్రపటములుగ వేయించెను. రాజులు, పోపులు ఆయనను గౌరవించుట, ఆయన కవిత్వము చెప్పుట, ఆయన అంత్యక్రియలు. నాడు ఫ్లారెన్సులో పేరుపొందిన చిత్రకారు లనేకులు అందు పనిచేసిరి. ఇంటిలో నొక మనిషికి గుడి కట్టినట్లైనది.

భక్తుడు దేవుని ఉన్నవాని నున్నట్లు ఉండనీయడు. మైకెలాంజిలో కవి కూడ. మున్నూఱు పద్యములకు పైగా వ్రాసెను. తొమ్మాసో కవాలియేరి యను యువకుని యెడ ఆయనకు గల గాఢప్రేమను కొన్ని పద్యములు దాపరికము లేక చెప్పుచున్నవి. చిన్న మైకెలాంజిలో 1623లో తాతగారి పద్యములను అచ్చువేయించినప్పుడు పురుషుని గూర్చిన మాటలను స్త్రీని గూర్చినవానిగ మార్చెను. అసంపూర్ణముగ నున్నవానిని పూరించెను. కఱకుగా నున్నచోట నునుపు చేసెను. రాయిని గరుకుగ వదలివైచిన వాని మాటలను మనుమడు మెఱుగు పెట్టెనన్నమాట. లోకము రెండువందల నలుబది సంవత్సరములు ఆ దిద్దిన పద్యములనే చదివినది.

మనలో నిట్టిది జరుగలేదని యెవరైన అనుకొనినచో, ముద్దుపళని రాధికాసాంత్వనము సంగతి చూడుడు. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని మరల సమగ్రముగ ప్రకటింపవలసి వచ్చుటకు కారణము, అంతకుముందటి అచ్చుప్రతిలో కొన్ని పద్యములు విడిచివేయబడి యుండుటయే. ఆమెకు పాత ప్రతి దొరికినది గనుక పుస్తకము బ్రతికినది.

ఫ్లారెన్సులోను అదియే జరిగెను. చిన్న మైకెలాంజిలో పద్యములను మార్చెను గాని తాతగారి చేవ్రాతలను చింపలేదు. పెట్టెలో పెట్టి తాళము వేసెను. 1863లో చేజరె గ్వాస్తీ యను పండితుడు ఆ స్వహస్తప్రతులను పరిశీలించి, అసలు పాఠమును ప్రకటించెను. మనుమడు చేసిన మార్పులకు సాక్ష్యము మనుమడు దాచిన కాగితములలోనే దొరకినది. ఆయన ఎందుకు దాచెనో నేను పలుమార్లు ఆలోచించితిని. అచ్చు పుస్తకము లోకులకు, కాగితము ఇంటికి అని రెండు ధర్మములు ఆయన మనస్సులో వేఱువేఱుగ నుండెనని నాకు దోచును. అది కపటమే యనవచ్చును. అయినను చింపి పాఱవేసిన నిజాయితీపరునికంటె దాచిపెట్టిన కపటియే మనకు మేలు చేసినాడు.

ఆ చావడి పైకప్పున నున్న యొక చిత్రమునకు ఇట్టిదే మరియొక గతి పట్టినది. 1615 ప్రాంతమున చిన్న మైకెలాంజిలో ఆర్తెమీజియా జెంటిలెస్కి యను చిత్రకారిణి కొక పని యొప్పగించెను. ఆమె రోమునుండి వచ్చినది, ఒక చిత్రకారుని కుమార్తె, వయస్సు ఇరువదిరెండు. తక్కిన చిత్రకారులకు ఇచ్చినదానికి మూడింతల వేతనము ఆమెకు ముట్టినది. మైకెలాంజిలోకు పుట్టుకతో వచ్చిన కళాభిరుచిని స్త్రీరూపమున చూపవలెనని కోరిక. ఆమె మేఘములమీద గూర్చున్న యొక వివస్త్రను, చేత దిక్సూచితో, తలపైన నక్షత్రముతో చిత్రించెను. సూది ఎల్లప్పుడు ఉత్తరమునకు తిరిగినట్లు ఆయన మనస్సు కళవైపునకే తిరిగెనని భావము.

1680 తరువాతి కాలమున ఇంటి యజమాని మరియొక లియొనార్డో. ఇంటిలో భార్యయు బిడ్డలును తిరుగుచుండగా ఆ చిత్రము నట్లుండనిచ్చుట ఆయనకు సమ్మతము గాలేదు. వోల్తెర్రానో యను పేరుగల చిత్రకారుని పిలిపించి, ఆ స్త్రీకి వలువలు, ముసుగు వేయించెను. నేటివఱకు చూపరులకు కనబడుచున్నది ఆ ముసుగుతోడి చిత్రమే. 2022లో నిపుణులు చిత్రమును క్రిందికి దింపి, ఎక్సురే మొదలైన కిరణములతో పరీక్షించి, క్రింది రూపమును కనుగొనిరి. 2023లో దాని ఛాయను ప్రదర్శించిరి. పైరంగును మాత్రము గీకి తీయలేదు. ఆ రంగు దట్టమైనది, తీసినచో క్రింది చిత్రము చెడును. వోల్తెర్రానో రంగునకు కూడ మూడువందల యేండ్ల ప్రాయము వచ్చినది, అదియు చరిత్రయే. ఈ నిర్ణయము నాకు సమంజసముగ దోచుచున్నది. ఆర్తెమీజియా వేసినది తెలిసినది, ఇంటివారు చేసినదియు తెలియుచున్నది. ఒకటి చెఱిపి రెండవది చూపవలసిన పని లేదు.

ఆ యిల్లు సర్వమును కాపాడినదని నే ననుట లేదు. పదునెనిమిదవ శతాబ్ది తుదను కొన్ని చిత్తుచిత్రములు వికార్ అను ఫ్రెంచి చిత్రకారుని చేతిలో బడి దేశాంతరము పోయినవి. ఇంటివారికి సొమ్ము కావలసివచ్చినప్పుడు ఏ వంశమునకైన జరుగునదే. అయినను నేడు అచ్చట రెండువందలకు పైగా చిత్తుచిత్రము లున్నవి. మైకెలాంజిలో చిత్తులు ఇంత పెద్ద సంఖ్యలో మరియొకచోట లేవు. 1529 ప్రాంతమున ఫ్లారెన్సు ప్రజాప్రభుత్వమును శత్రువులు ముట్టడించినప్పుడు ఆయన వేసిన కోటబురుజుల పథకములు వానిలో కలవు. బురుజులు పీతడెక్కలవలె, పీతకాళ్లవలె బయటికి చాచుకొనియుండును. శాన్ లొరెంజో ముఖభాగపు కొయ్య నమూనాయు అచ్చటనే యున్నది. ఆ ముఖభాగము మాత్రము నేటికిని కట్టబడలేదు. ఆలయపు ముందుగోడ మోటు రాళ్లతోనే నిలిచియున్నది. శిల్పి యూహ మిగిలిన చోటు ఆ యిల్లొక్కటే.

వంశములో తుదివాడు కొసీమో బువొనరోటి. టస్కనీ ప్రభుత్వమున విద్యామంత్రిగ నుండెను. సంతానము లేదు. 1858లో మరణించుచు ఇంటిని, అందలి సమస్తమును, ప్రజలకు చెందునట్లు మరణశాసనము వ్రాసెను. మన దేశమునవలె అచ్చటను సంతానము లేనివాని యింటికి దాయాదులు వత్తురు, గదులు పంచుకొందురు. ఒక కాగితమువలన ఆ గండము గడచినది. అప్పటినుండి అది ప్రదర్శనశాల.

మన గోదావరి సీమలో ఇట్టి శిల్పిగృహ మేదియని అడుగవచ్చును. శిల్పి గాదు గాని చిత్రకారు నొకరిని గూర్చి చెప్పగలను. దామెర్ల రామారావుగారు 1897లో జన్మించిరి. రాజమహేంద్రవరమున ప్రభుత్వ కళాశాలాధ్యక్షుడుగ నున్న ఆస్వాల్డు కూల్డ్రేగారు ఆ పిల్లవానిలోని నేర్పును గుర్తించి ప్రోత్సహించెను. రామారావుగారు బొంబాయి జె. జె. కళాశాలలో చదివి వచ్చి, స్వస్థలమున చిత్రకళాశాల నెలకొల్పిరి. 1925 ఫిబ్రవరిలో మశూచికమున మరణించునప్పటికి ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు. అంత పిన్నవయస్సున పోయినవాని పటములు ఎంతమంది చేతులలోనో చెదరిపోవలసినవి. చెదరిపోలేదు. భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు, ఇరువురును తామే చిత్రములు వ్రాయగలవారు. మిత్రుడు వరదా వెంకటరత్నముగారు 1963లో తాను మరణించువఱకు ఆ పాఠశాలను, ఆ పటములను అంటిపెట్టుకొనియుండిరి. బువొనరోటులకు మూడువందల యేబది యేండ్లు పట్టిన పనిని వీరు ఒక్క తరములో నెఱవేర్చిరి.

ఆ పటములు నేడు రాజమహేంద్రవరమున దామెర్ల రామారావు స్మారక చిత్రశాలలో నున్నవి. నిడదవోలులో రైలెక్కినచో కొవ్వూరు, ఆ పిమ్మట గోదావరిమీది వంతెన, వంతెన దిగగానే రాజమహేంద్రవరము. సిద్ధార్థ రాగోదయము అను పటము అచ్చట గలదు. ముందుగ దానిని చూడుడు.